లోగదిలో చూపు

“కన్ను బాగానే ఉందమ్మా, చూపే రాలేదు.”

2008లో నంద్యాలలో ఒక కంటిడాక్టరు మా చిన్నమ్మతో అన్న మాట ఇది. చత్వారం వచ్చిందని, అద్దాలు రాయించుకుందామని నేనే తీసుకుపోయాను. అప్పటికి ఆమెకు 46 ఏళ్ళు. డాక్టరు కుడికన్ను మూయించి, ఎడమకంటితో గోడమీది అక్షరాలు చదవమన్నాడు. చిన్నమ్మ నవ్వింది. “ఆ కంటితో వెలుతురు తెలుస్తాది సార్, మనిషి తెలీదు” అంది. ఆయన లైటు వేసి లోపలంతా చూశాడు. పొర లేదు, పువ్వు లేదు, నరం ఆరోగ్యంగానే ఉంది. ఆ తర్వాత అన్న మాట అది.

చిన్నమ్మది మెల్లకన్ను. మా కొత్తపల్లె నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పోయే దోవలో రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. ఎడమచేతివైపు దూరంగా నల్లమల కొండలు, ఇటు నల్లరేగడి చేలు. ఆ ఊళ్ళో చిన్నమ్మకు రెండో ఏటనే కన్ను పక్కకు తిరిగిందట. మా జేజితో సహా అందరూ సంతోషించారట. మెల్లకన్ను ఆడపిల్ల అడుగుపెట్టిన ఇల్లు కలిసొస్తాదని నమ్మకం. పెళ్ళిచూపుల్లో కూడా అదే చెప్పారు. ఆ కంటికి చూపు లేదన్న సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. చిన్నమ్మా చెప్పలేదు. ఆమెకు తెలిసిన లోకం అదే. అందరికీ ఒక కన్ను చూడటానికి, ఇంకొకటి అందానికి ఉంటాయని చాలా ఏళ్ళు అనుకున్నానని తర్వాత నాతో చెప్పింది.

ఆరోగ్యంగా ఉన్న కంటికి చూపు ఎందుకు రాదు? సాహిత్యంలో పరిశోధన చేసుకునే నన్ను ఈ ప్రశ్న ఇన్నేళ్ళు పట్టుకుంది. పట్టుకోవడానికి ఇంకో కారణం మా అక్క కూతురు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

*

ముందు మాటలతో మొదలుపెడతాను, నాకు అలవాటైన దారి అది గనక.

కంటినడిమి నల్లటి గుండ్రాన్ని మనం కనుపాప అంటాం. కంట్లో ఉన్న పాప. సంస్కృతంలో ‘కనీనిక’ అంటే కూడా చిన్నపిల్ల, కనుపాప. గ్రీకులో ‘కోరే’ అంటే కన్య, కనుపాప. లాటిన్‌లో ‘పుపిల్లా’ అంటే చిన్నారి, బొమ్మ, కనుపాప. ఎదుటివాళ్ళ కంట్లోకి దగ్గరగా చూస్తే మన ప్రతిబింబమే చిన్న బొమ్మలా కనిపిస్తుంది. ఇన్ని భాషలు ఆ బొమ్మను ఆడపిల్లగానే చూశాయి.

కంటి నుంచి బయల్దేరిన నరం మెదడులో నేరుగా చూపుకేంద్రానికి పోదు. మధ్యలో థలామస్ అనే చోట ఆగుతుంది. ‘థలమోస్’ అంటే గ్రీకులో ఇంటి లోపలి గది. పడకగది, పెళ్ళిగది. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ కాలం నుంచీ శరీరశాస్త్రంలో ఉన్న పేరు. మన తెలుగు మాధ్యమం జీవశాస్త్రంలో దాన్ని ‘పర్యంకం’ అన్నారు. అంటే మంచం. పేరు పెట్టింది ఎవరైనా, ఆడదాన్ని కూర్చోబెట్టే లోపలి గదే వాళ్ళకు గుర్తొచ్చింది.

ఆ గదిలో ఒక మూల, మోకాలి మడతలా వంగిన చిన్న ముద్ద ఉంటుంది. మోకాలు అనే అర్థంలోనే దానికి లేటరల్ జెనిక్యులేట్ న్యూక్లియస్ అని పేరు. ఇక్కడ జెనిక్యులేట్ అని పిలుచుకుందాం. ఒక్కో కంటి నుంచి సుమారు పది లక్షల నాడీపోగులు బయల్దేరతాయి. వాటిలో ఎక్కువ భాగం ఇక్కడికే వస్తాయి. మనుషుల్లో ఇది ఉల్లిపాయలా ఆరు పొరలుగా ఉంటుంది. మూడు పొరలు ఒక కంటివి, మూడు పొరలు ఇంకో కంటివి. ఒకదాని పోగులు ఇంకోదాని పొరలోకి రావు. రెండు కళ్ళూ కలిసేది ఆ తర్వాత, మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో. లోతు, దూరం మనకు తెలిసేది అక్కడ కలవడం వల్లనే.

చాలాకాలం శాస్త్రవేత్తలు ఈ లోగదిని ఒక ‘రిలే స్టేషన్’ అన్నారు. కన్ను పంపిన కబురును పైకి అందించే పని మాత్రమే దానిదని. తీరా లెక్కపెడితే జెనిక్యులేట్‌లోని అతుకుల్లో కంటి నుంచి వచ్చేవి 5 నుంచి 10 శాతమే. మిగతావి కార్టెక్స్ నుంచి, మెదడులోని ఇతర చోట్ల నుంచి వచ్చేవి. ఏ కబురు పైకి పోవాలో, ఏది ఆగాలో అక్కడ తేలుతుంది. ఇంట్లో ఆడవాళ్ళను ‘అన్నీ అందించే మనిషి’ అనడం విని పెరిగినదాన్ని గనక ఈ సంగతి చదివినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు.

*

ఈ రంగపు చరిత్ర రాసేవాళ్ళందరూ డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ పేర్లతో మొదలుపెడతారు. హార్వర్డ్‌లో వాళ్ళు పిల్లికూనలకు పుట్టిన కొత్తల్లో ఒక కంటిరెప్ప కుట్టేసి, కొన్ని వారాల తర్వాత విప్పారు. ఆ కన్ను నిక్షేపంగా ఉంది. కానీ కార్టెక్స్‌లో దానికి పలికే కణాలు దాదాపు లేవు. జెనిక్యులేట్‌లో ఆ కంటి పొరల్లోని కణాలు చిన్నబోయాయి, అయినా పలుకుతూనే ఉన్నాయి. అంటే కబురు లోగది దాకా వస్తోంది, పై ఇంట్లో ఎవరూ తలుపు తీయడం లేదు. పెద్దపిల్లులకు ఎంతకాలం కన్ను కుట్టినా ఇలా కాలేదు. పసితనంలో ఒక గడువు ఉంది, అది దాటితే కుదరదు. ఆ పత్రాలు 1963లో వచ్చాయి. 1981లో వాళ్ళకు నోబెల్ వచ్చింది.

కూనల కళ్ళు కుట్టారని చదివినప్పుడు నా మనసు నొచ్చుకుంది, ఇప్పటికీ నొచ్చుకుంటుంది. కానీ 1963లో మా చిన్నమ్మకు ఏడాది వయసు. ఆమె కంటికి జరగబోయేది బోస్టన్‌లో కాగితం మీద ఉంది. రెండు కళ్ళూ వేర్వేరు దిక్కులు చూస్తే రెండు బొమ్మలు కనపడతాయి, ఆ గందరగోళం భరించలేక పసిమెదడు ఒకదాన్ని పక్కన పెడుతుంది. పక్కన పెట్టి పెట్టి చివరికి మర్చిపోతుంది. బాగున్న కంటిని రోజూ కొంతసేపు మూసి, రెండోదానికి పని చెప్పడమే మందు. ఇదేమీ కొత్త సంగతి కాదు. ఫ్రాన్స్‌లో బ్యుఫాన్ 1743లోనే మెల్లకన్నుకు ఈ పద్ధతి రాసిపెట్టాడు.

హ్యూబెల్, వీసెల్ గదిలో ఒక విద్యార్థిని ఉండేది. కార్లా షాట్జ్. 1976లో హార్వర్డ్ నుంచి న్యూరోబయాలజీలో డాక్టరేట్ తీసుకున్న తొలి స్త్రీ ఆమె. తర్వాత స్టాన్‌ఫర్డ్ వైద్యకళాశాల మూలశాస్త్రాల విభాగాల్లో శాశ్వత పదవి పొందిన తొలి స్త్రీ కూడా ఆమే. ‘తొలి స్త్రీ’ అనే మాట 1970ల దాకా ఇంకా మిగిలి ఉండటమే ఒక చరిత్ర.

షాట్జ్ అడిగిన ప్రశ్న గురువుల ప్రశ్నకంటే ఒక అడుగు వెనక్కి పోయింది. పుట్టాక వెలుతురు చూపును దిద్దుతుంది, సరే. మరి పుట్టకముందు? 1976లో పాస్కో రాకిచ్ కోతుల గర్భస్థ పిండాల్లో చూపించాడు, మొదట్లో రెండు కళ్ళ పోగులూ జెనిక్యులేట్‌లో కలగాపులగంగా ఉంటాయి, పుట్టేలోపే విడివిడి పొరల్లోకి సర్దుకుంటాయి. 1980లలో షాట్జ్ పిల్లిపిండాల్లో అదే చూసింది. అమ్మ కడుపులో వెలుతురు లేదు. కళ్ళు పనిచేయడం మొదలుపెట్టలేదు. మరి ఏ పోగు ఏ పొరలోకి పోవాలో ఎవరు చెప్పారు?

పోగులు మెదడు దాకా దారి తెలుసుకుని రావడానికి రసాయన గుర్తులు ఉన్నాయి. ఆ గుర్తులు ఊరు దాకా తెస్తాయి, ఇంటినంబరు వరకూ చెప్పవు. 1988లో షాట్జ్, మైకేల్ స్ట్రైకర్ కలిసి పిల్లిపిండాల మెదడులోకి నాడుల మోతను ఆపే మందు ఎక్కించారు. పొరలు విడిపోలేదు. అంటే చీకట్లో కూడా నాడులు మోగుతున్నాయి, ఆ మోతే వాటిని సర్దుతోంది. అదే ఏడాది ఇటలీలోని పీసాలో లూచియా గల్లి, లంబెర్తో మఫేయి పుట్టని ఎలుకపిల్లల రెటీనాలో ఎలక్ట్రోడు పెట్టి ఆ మోతను నేరుగా విన్నారు. 1991లో మార్కస్ మైస్టర్, రేచెల్ వాంగ్, డెనిస్ బేలర్, షాట్జ్ దాని తీరు కనిపెట్టారు. మోత ఎక్కడపడితే అక్కడ పుట్టడం లేదు. రెటీనా మీద ఒక అలలాగా పోతోంది. గాలి వీచినప్పుడు జొన్నచేను ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు వంగుతూ పోయినట్టు. అల పోయాక ఒకటి రెండు నిమిషాలు నిశ్శబ్దం. మళ్ళీ ఇంకో అల, ఇంకో వైపు నుంచి.

ఇందులో ఎంత తెలివి ఉందో చూడండి. పక్కపక్కన ఉన్న కణాలు ఒకే అలలో మోగుతాయి గనక వాటి పోగులు లోగదిలో కూడా పక్కపక్కన కుదురుకుంటాయి. రెండు కళ్ళలో అలలు ఒకేసారి రావు గనక రెండింటి పోగులూ విడిపోతాయి. కలిసి మోగేవి కలిసి ముడిపడతాయి. వెలుతురు ఒక్కసారైనా తగలని కన్ను, చూడటమంటే ఏమిటో సాధన చేస్తోందన్నమాట. 1996లో మార్లా ఫెలర్, ఆమె సహచరులు ఆ అలను పుట్టించే రసాయనాన్ని పట్టుకున్నారు. 1998లో ఆనా పెన్, ఆమె సహచరులు ఒక కంటి మోతను మాత్రం మారిస్తే పొరల పంపకం తారుమారవుతుందని చూపించారు.

ఆ పత్రంలో వాడిన మాట ‘పోటీ’. రెండు కళ్ళు చోటు కోసం పోటీ పడతాయని. సాహిత్యం చదివినదాన్ని గనక ఆ మాట దగ్గర ఆగాను. ప్రయోగం తప్పని కాదు, ఒక కన్ను వెనకబడితే రెండోది ఆ చోటు ఆక్రమిస్తుందన్నది నిజమే. చిన్నమ్మ సాక్ష్యం. కానీ రెండూ మోగుతున్నప్పుడు జరిగేది ఇద్దరికీ చోటు దొరకడం. పక్కపక్క పొరల్లో ఉండి, పైన కలిసి, ఒంటరిగా ఏ కన్నూ చూడలేని లోతును చూడటం. అది చెప్పడానికి ‘పోటీ’ ఒక్కటే చాలదు.

*

2010 జనవరి 15, కనుమనాడు మధ్యాహ్నం సూర్యగ్రహణం. మా అక్క అయిదో నెల కడుపుతో పండక్కి కొత్తపల్లె వచ్చింది. జేజి ఆమెను మిద్దె లోగదిలో పడుకోబెట్టి తలుపు వేసింది. గవాక్షానికి గుడ్డ కట్టింది. కూర తరగొద్దు, ఒళ్ళు గోక్కోవద్దు, కదలొద్దు. మూడు గంటలపైన. అక్క ఒక్కసారి తట్టుకోలేక పెరట్లోకి పోయి వచ్చింది.

మే నెలలో పాప పుట్టింది. నెలలోపే అక్క కనిపెట్టింది, ఎడమ కనుపాపలో తెల్లగా ఏదో ఉందని. పాలిస్తూ అంత దగ్గరగా ఆ కంట్లోకి చూసే మనిషి ఇంకెవరున్నారు? అత్తగారింట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అందరికీ కనిపించాక, “ఆ పొద్దు బయటికి వచ్చినందుకే” అన్నారు. ఆడపిల్ల కదా, ఒక కన్ను బాగుంది కదా, ఏడాది పోనీమన్నారు. పదకొండో నెలలో, నేను చదువుకుంటున్న హైదరాబాదుకు అక్క పాపను ఎత్తుకుని ఒక్కతే వచ్చింది. ఆపరేషన్ చేసిన డాక్టరు మంచివాడే. కానీ ఆయన మొదటి ప్రశ్న, “ఏం తల్లివమ్మా, ఇంత ఆలస్యమా?”

గ్రహణమూ తల్లిదే తప్పంది, శాస్త్రమూ తల్లిదే తప్పంది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో అక్క ఏడవలేదు. నేను ఏడ్చాను.

పుట్టుకతో ఒక కంటికి దట్టమైన శుక్లం ఉంటే మొదటి ఆరు వారాల్లో తీయడం మేలని 1990ల నుంచి చెబుతున్నారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో డాఫ్నీ మౌరర్, టెర్రీ లూయిస్ అనే ఇద్దరు స్త్రీలు ఇలాంటి పిల్లలతో దశాబ్దాలు పనిచేశారు. 1999లో వాళ్ళు చూపించిన సంగతి నన్ను కదిలించింది. శుక్లం తీసి లెన్స్ పెట్టిన శిశువు చూపు అప్పుడే పుట్టిన బిడ్డ చూపులా ఉంటుంది. ఒక్క గంట చూడనిస్తే చాలు, కొలవగలిగినంత మెరుగుపడుతుంది. అంటే మెదడు అంత ఆకలిగా ఎదురుచూస్తూ ఉంటుంది.

గ్రహణం సంగతి కూడా తేల్చుకోవాలనిపించింది. కంటి కటకం రూపు దిద్దుకునేది మొదటి రెండు నెలల్లో. అక్క పెరట్లోకి పోయింది అయిదో నెలలో. మనుషుల్లో జెనిక్యులేట్ పొరలు విడివడేది 22 - 25 వారాల మధ్య. మనిషి గర్భంలో ఎవరూ ఎలక్ట్రోడు పెట్టి చూడలేదు గానీ, జంతువుల్లో తెలిసినదాన్ని బట్టి, అక్క లోగదిలో చీకట్లో పడుకున్న ఆ రోజులకు కాస్త అటూఇటుగా బిడ్డ లోగదిలో రెండు కళ్ళ పోగులూ తమ తమ చోట్లు వెతుక్కోవడం మొదలుపెట్టి ఉంటాయి. ఆకాశంలో సూర్యుడితో వాటికి పనిలేదు. వాటి వెలుతురు అవే పుట్టించుకుంటాయి.

కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన కారణమే లేదని కాదు. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటిడాక్టరు, శుక్లాలతో పుట్టిన బిడ్డలను తెచ్చిన తల్లులు బయట కూర్చుని మాట్లాడుకోవడం విన్నాడు. కడుపుతో ఉన్న మొదటి నెలల్లో తమకు రుబెల్లా వచ్చిందని వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఆయన ఆ మాటలను నమ్మి లెక్క తీశాడు. అలా తెలిసింది రుబెల్లా గర్భస్థ శిశువుకు చేసే చేటు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తట్టు - రుబెల్లా టీకా ఉద్యమంగా వేసింది 2017లో. వరండాలో కూర్చున్న తల్లుల మాటల్లో అంత విజ్ఞానం ఉంది. మా అక్క మాట కూడా నెల బిడ్డప్పుడు ఎవరో ఒకరు విని ఉంటే?

ఆ తర్వాతి నాలుగేళ్ళు అక్క చేసిన పనికి ఏ పత్రంలోనూ పేరు లేదు. రోజూ కొన్ని గంటలు పాప మంచికంటికి ప్యాచ్ అంటించడం. ఏడుస్తూ పీకేస్తే మళ్ళీ అంటించడం. చెమటకు ఊడిపోతే మళ్ళీ. మంచికన్ను మూస్తే పాపకు అంతా మసక, తడుముకుంటూ అమ్మనే కొట్టేది. ఆ మసకలోనే రంగుగాజులు, చిక్కుడుగింజలు ఏరించేది అక్క. డాక్టరు చీటీమీద ‘ప్యాచింగ్’ అని ఒక్క మాట. ఆ ఒక్క మాట వెనక ఒక స్త్రీ నాలుగేళ్ళ కాలం.

*

అతుకులు పెరగడమే కాదు, తగ్గడం కూడా ఎదుగుదలే. బోస్టన్‌లో చిన్‌ఫే చెన్ ఎలుకపిల్లల్లో చూపించింది. కళ్ళు తెరిచే వేళకు జెనిక్యులేట్‌లోని ఒక్కో కణానికి పదికి పైగా రెటీనా పోగులు కబురు పెడతాయి, కొన్ని వారాల్లో బలమైనవి ఒకటి రెండో మూడో మిగులుతాయి. ఎన్ని మిగులుతాయన్నది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినవాళ్ళు ఇంకా ఎక్కువే చెబుతున్నారు, ఆ వాదం సాగుతూనే ఉంది. 2006లో చెన్, బ్రయాన్ హుక్స్ ఇంకో సంగతి చెప్పారు. సర్దుకున్నాక కూడా ఎలుకలను చీకట్లో పెడితే తీసేసిన అతుకులు మళ్ళీ లేస్తాయి. కుదిరిన కాపురం కూడా రోజూ వెలుతురుతో నిలబెట్టుకోవలసిందే.

అక్కర్లేని అతుకులను తీసేది ఎవరు? 2007లో బెత్ స్టీవెన్స్, బెన్ బారెస్ బృందం, శరీరంలో సూక్ష్మజీవులకు గుర్తు పెట్టే ప్రోటీన్లే ఈ అతుకులకూ గుర్తు పెడతాయని జెనిక్యులేట్‌లోనే కనిపెట్టింది. 2012లో డొరొతీ షాఫర్, స్టీవెన్స్, వారి సహచరులు, మెదడులోని మైక్రోగ్లియా కణాలు వాటిని మింగేయడం చూపించారు. మా ఊళ్ళో కలుపు తీయడం ఆడవాళ్ళ పని. పైరు పెరగడాన్ని అందరూ చూస్తారు, తీసిన కలుపును ఎవరూ చూడరు.

బెన్ బారెస్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆయన నలభై దాటేదాకా బార్బరా బారెస్‌గా బతికి, తర్వాత పురుషుడిగా మారాడు. స్త్రీలకు విజ్ఞానశాస్త్రంలో సహజసామర్థ్యం తక్కువేమోనని 2005లో హార్వర్డ్ అధ్యక్షుడు మాట్లాడితే, 2006లో ‘నేచర్’ పత్రికలో జవాబు రాశాడు. తాను మారాక ఒక ఉపన్యాసం ఇస్తే, ఆయన పని వాళ్ళ చెల్లెలి పనికన్నా చాలా మెరుగ్గా ఉందని ఎవరో అన్నారట. ఆ చెల్లెలు తానే. 2017లో ఆయన చనిపోయాడు. ఒకే మెదడు, ఒకే పని. చూసే కన్నే మారింది.

మన దగ్గర ఆ చూసే కన్ను ఎలా ఉందో లెక్కలు కూడా ఉన్నాయి. 1996 - 2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో 10,293 మందిని పరీక్షించారు. పేదలలో, పల్లెల్లో అంధత్వం ఎక్కువ. స్త్రీలలో ఎక్కువ. కంటికి ఆడ, మగ తేడా లేదు, కంటిదాకా వైద్యం రావడంలో ఉంది.

*

అక్క కూతురు ఇప్పుడు పదో తరగతి. ఎడమకంటితో పెద్ద అక్షరాలు చదువుతుంది, చిన్నవి రావు. సూదిలో దారం ఎక్కించడం కష్టం. లోతు సరిగా తెలియదు. గడువు దాటాక ఏమీ రాదనడం కూడా నిజం కాదని ఆ పిల్లను చూస్తే తెలుస్తుంది. మన దేశంలోనే, పన్నెండేళ్ళ దాకా పుట్టు శుక్లాలతో ఉండి ఆపరేషన్ అయిన ఒక స్త్రీని ఇరవై ఏళ్ళ తర్వాత పవన్ సిన్హా బృందం పరీక్షించి 2006లో రాసింది. చూపు మసకే, కానీ వస్తువులను, ముఖాలను గుర్తుపట్టగలుగుతోంది. గడువు తలుపులాగా ఒక్కసారిగా మూసుకోదు. మెల్లమెల్లగా చేరువేసుకుంటూ పోతుంది. అందుకే ఆలస్యమైందని ఊరుకోకూడదు, ఇంకా టైముందని ఆగకూడదు.

పోయిన సంక్రాంతికి కొత్తపల్లె పోయినప్పుడు ఇదంతా చిన్నమ్మకు చెప్పాను. ఆమె వరండాలో కూర్చుని శనగలు చెరుగుతోంది. చేట ఆపకుండానే విన్నది.

“నా కంటికి ఇప్పుడేమన్నా ఉందా మే?”

“ఇప్పుడు కష్టం చిన్నమ్మా.”

“నేను చంటిబిడ్డగా ఉన్నప్పుడు?”

“ఉన్నింది. ఇన్నూరేండ్ల ముందు నుంచే ఉన్నింది.”

చేట ఆగింది. చాలాసేపు ఏమీ అనలేదు. కుడికన్ను అరచేత్తో మూసుకుని నా వైపు చూసింది. ఏం కనిపిస్తోందని అడిగాను.

“వెలుతురు” అంది. తర్వాత మళ్ళీ చేట అందుకుంటూ, “పక్కింటి కోడలి బిడ్డకు కన్ను తిరుగుతాంది. అదృష్టం అంటాండారు. పా, ఆ పిల్లతో చెప్పొస్తాం. వాళ్ళ అత్తకు గాదు, ఆ పిల్లతోనే” అని లేచింది.